మొదటి ముద్ద నాదే

మా అంగన్‌వాడీలో పిల్లలకంటే ముందు నేను తినాలి. అది నా కోరిక కాదు, నియమం. వంట దిగాక, పిల్లలకు వడ్డించడానికి అరగంట ముందు టీచరో ఆయమ్మో పళ్ళెంలో పెట్టుకుని తిని చూడాలి. గరిటె అంచున నాలుక ఆనిస్తే చాలదు. తిని, కాసేపు ఆగి, మనకేమీ కాలేదని తేలాక పిల్లలను పిలవాలి. సాంబారులో బల్లి పడినా, బియ్యానికి పురుగుమందు తగిలినా, ఏమైనా అయితే ముందు మాకు కావాలి. దీనికి వేరే జీతం లేదు.

మాది కల్మల వైపు రోడ్డు దిగి లోపలికి వెళ్ళే ఒక చిన్న ఊరు. అంగన్‌వాడీ అంటే ఒక గది, దాని వెనక సామాన్ల గది, పక్కన వంటకు ఒక ఇరుకు చోటు. రాయచూరు ఎండల్లో ఆ పొయ్యి దగ్గర కూర్చుని తినడం మనిషి చేయగలిగిన పని కాదు. అందుకని పళ్ళెం పట్టుకుని ముందరి మెట్టు మీదికి వచ్చేదాన్ని. మెట్టుకు ఎదురుగా వీధి, వీధికి అవతల కిరాణా కొట్టు, దాని పక్కన నీళ్ళ కుళాయి. ఆ వేళకు ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు అక్కడే ఉంటారు. నేను పాటలు నేర్పేది, ముక్కులు తుడిచేది, లాగులు మార్చేది అంతా నాలుగు గోడల మధ్య. తినేది మాత్రం వీధికి ఎదురుగా. కాబట్టి ఈ ఊళ్ళో నేను చేసే పనుల్లో అందరూ చూసింది ఇదొక్కటే.

నేను లావుగా ఉంటాను. బొద్దుగా, కాస్త ఒళ్ళు చేసి, నిండుగా, ఇలాంటి మెత్తటి మాటలు నాకు అక్కర్లేదు. లావు. మా అమ్మ ఇంతే, మా మేనత్తలు ఇంతే. పెళ్ళికి ముందు లావు, ఇద్దరు పిల్లల తర్వాత ఇంకాస్త లావు. పొద్దున లేచి ఇంటిపని చేసుకుని, ఊరి ఆ చివర నుంచి నడిచి వస్తాను. రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఇంత పుండికూర. చూశారా, మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరూ అడగకముందే ఏం తిన్నానో, ఎంత నడిచానో అప్పజెప్పడం నాకు అలవాటైపోయింది. సన్నగా ఉన్నవాళ్ళు ఎవరికీ ఇలా సంజాయిషీ చెప్పుకోరు. ఈ అలవాటు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా ఆయమ్మ ఉంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. చీర కట్టిన చీపురుపుల్ల. మిగిలిన అన్నం ఉంటే రెండు పళ్ళాలు లాగించి, గిన్నె అడుగున మాడు కూడా గీకి తింటుంది. కష్టపడే మనిషి, తింటే తప్పేముంది? ఆమెను చూసి ఊళ్ళో ఆడవాళ్ళు అనే మాట ఒకటే. "పాపం, ఎంత తిన్నా ఒంటికి పట్టదు." నేను నాలుగు ముద్దలు తింటే ఆ పాపం అనే మాట ఎక్కడికి పోతుందో తెలియదు.

నా ఇంకో పని బరువు చూడటం. పసిబిడ్డలకు పైనుంచి వేలాడే కాంటా, కడుపుతో ఉన్నవాళ్ళకు నిలబడి చూసుకునే కాంటా. బరువు చూసే రోజు తల్లులు బిడ్డలను ఎత్తుకుని వస్తారు. బుగ్గన నల్లటి చుక్క, అరికాలిలో ఇంకో చుక్క. మా ఊళ్ళో పసిబిడ్డ బరువు పైకి చెప్పకూడదు. దిష్టి తగులుతుందని భయం. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను గట్టిగా చదివేశాను. ఆ బిడ్డ నాయనమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. అప్పటి నుంచి బరువు రాసుకుని, వంగి, తల్లి చెవిలో చెప్తాను. ఎంత లావుగా ఉన్న బిడ్డ అయితే అంత మెల్లగా చెప్పాలి. నా బరువు మాత్రం కుళాయి దగ్గర ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేస్తారు. బియ్యం మూటలతో పోల్చి పందెం కాసిన వాళ్ళు కూడా ఉన్నారు. దానికి ఎవరికీ దిష్టి గుర్తు రాలేదు.

ఇంతకాలం ఇవన్నీ మింగుకుంటూనే వచ్చాను. మింగలేని చోటు ఒకటి వచ్చింది.

మూల ఇంట్లోకి కొత్త కోడలు వచ్చింది. కృష్ణా నదికి అవతలి పల్లె పిల్ల. కడుపుతో ఉంది. గాజులు మణికట్టు దగ్గర నిలవక మోచేతి దాకా జారేవి. కాంటా ఎక్కిస్తే ముందుసారి ఎంత ఉందో ఇప్పుడూ అంతే. ఆరో నెల వచ్చినా అంతే. ఇలా ఉంటే పుట్టే బిడ్డ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటి బిడ్డలను ఈ చేతులతోనే ఉయ్యాల గుడ్డలో వేసి తూచాను. ముల్లు కదలదు. ఆ పిల్లకు అలా కాకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

కడుపుతో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం అన్నం, సాంబారు, గుడ్డు, పల్లీలతో చేసిన శేంగా చిక్కీ అంగన్‌వాడీలోనే పెడతాం. ఇక్కడికి వచ్చి, కూర్చుని తినాలి. కానీ ఆ పిల్ల రాదు. వాళ్ళ అత్త స్టీలు డబ్బా పట్టుకుని వస్తుంది.

"టీచరమ్మా, డబ్బల ఎయ్యి. కోడలు ఇంట్ల తింటది."

"పెద్దమ్మా, ఈడికొచ్చి తినాల. డబ్బల ఏస్తె ఇంట్ల ఎవరు తిన్నరో నాకేం తెల్సు?"

"ఎవరు తింటరు? మేమేమన్న తిండికి లేనోళ్ళమా?"

ఇలా చాలా రోజులు నడిచింది. ఒకరోజు ఇక ఆగలేక గట్టిగానే చెప్పాను. ఆ పిల్ల బరువు పెరగలేదు, తినకపోతే లోపల బిడ్డ పెరగదు అని. పెద్దమ్మ మెట్టు మీద నిలబడి, కుళాయి దగ్గరి వాళ్ళందరికీ వినపడేటట్టు అంది.

"తినాల, తినాల అంటవ్. నీ తీరుగ తింటె లోపల బిడ్డ పెద్దగయితది. అప్పుడు కాన్పు ఎట్లయితది? నా మొదటి కాన్పుల ఏమయిందో నీకు తెల్వదు."

తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె మొదటి బిడ్డ పెద్దగా ఉండి, బయటికి రాలేక, బండిలో రాయచూరుకు తీసుకుపోయే దారిలోనే పోయాడట. అప్పటి నుంచి ఆమె లెక్కలో కడుపుతో ఉన్నది ఎంత తక్కువ తింటే కాన్పు అంత సులువు. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయలేను. మెల్లగా చెప్పబోయాను.

"పెద్దమ్మా, బిడ్డ బరువు లేకుంటె గూడ..."

"బరువు సంగతి నువ్వే చెప్పాల మరి," అంది.

కుళాయి దగ్గర నవ్వులు. పెద్దమ్మకు ఆ నవ్వులు ఊతమిచ్చాయి. "కడుపుతోనున్నోళ్ళ గుడ్లు యాడికి పోతున్నయో ఆ ఒళ్ళు చూస్తె తెల్వదా? రోజు మెట్టు మీద కూసోని తింటనే ఉంటది. పోరగాండ్ల కన్న ముందుగాల్ల ఈమెకే కావాల," అని డబ్బా మూత గట్టిగా వేసి వెళ్ళిపోయింది.

ఆ మాట ఊరంతా తిరగడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరో ఫోను చేసి పైకి చేరవేశారు కూడా. కొన్నాళ్ళకు సూపర్‌వైజరు మేడమ్ వచ్చారు. ఆమె సామాన్ల గది అంతా చూశారు, గుడ్ల అట్టలు చూశారు, బియ్యం, పప్పు, పాలపొడి అన్నీ చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఉండక ఏమవుతాయి? బయట గుమికూడిన వాళ్ళకు మెట్టు మీద నిలబడి కన్నడంలో గట్టిగానే చెప్పారు, ఇక్కడ ఒక్క గుడ్డు కూడా పక్కదారి పట్టలేదు, ఇకమీదట డబ్బాలు ఒప్పుకునేది లేదు, తినేవాళ్ళు వచ్చి తినాలి అని. నాకు ఊపిరి తిరిగింది. జనం కదిలారు. కిరాణా కొట్టాయన మాత్రం పోతూ పోతూ, "అయితె మరి ఆ ఒళ్ళు గాలికొచ్చిందా?" అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు.

అది కాదు నన్ను కోసింది. మేడమ్ లోపల కూర్చుని చాయ్ తాగుతూ, గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అన్నారు. "మీరు మంచిగా పనిచేస్తారు. నాకు తెలుసు. కానీ చూసేవాళ్ళకు అనుమానం రావడం సహజమే కదా. పొద్దున కాస్త నడవండి. రాత్రి అన్నం మానేయండి. ఆ రుచి చూసేదేదో లోపల కూర్చుని చూడండి. వాళ్ళ నోటికి ఎందుకు పని పెట్టడం?"

చెయ్యి నా భుజం మీద వేశారు. దొంగను కాదని ఊరందరి ముందు చెప్పిన మనిషే, దొంగలా కనపడుతున్నావు, కాస్త సర్దుకో అని చెవిలో చెప్తోంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్నో, ఏడ్చేదాన్నో. ప్రేమగా అన్న మాటకు ఏం చేయాలి? "సరే మేడమ్" అన్నాను. రాత్రి నేను అన్నం తినను, రొట్టెలే తింటానన్న మాట కూడా నోట్లోంచి రాలేదు. ఆమెను బస్సు ఎక్కించి వచ్చి, ఆ "సరే" అన్నందుకు ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

మరుసటి రోజు నుంచి పళ్ళెం పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని. బియ్యం మూటల మధ్య, చీకట్లో, ఎవరైనా వస్తారేమో అని తలుపు వైపు చూసుకుంటూ గబగబా నాలుగు ముద్దలు. గుడ్లు తిన్నావన్నప్పుడు నాకు కోపం వచ్చింది గానీ నేను దొంగనని ఎప్పుడూ అనిపించలేదు. అక్కడ కూర్చుంటే అనిపించింది.

ఆయమ్మ చూసింది. చూసి ఊరుకునే రకం కాదు.

"నేను తిని చూస్త తీ అక్కా. నన్ను ఎవరేమంటరు?"

నిజమే, ఆమెను ఎవరేమంటారు? ఆ రోజు నుంచి ఆమె పళ్ళెం పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. సాయంత్రం గిన్నెలు తోముతూ నవ్వుతూ చెప్పింది, కుళాయి దగ్గరివాళ్ళు తనను చూసి, "ఏంది, ఇయ్యాల నువ్వు రుచి చూస్తున్నవా?" అని అడిగారట.

నేను తోముతున్న గిన్నె వదిలేశాను. రుచి చూస్తున్నవా. అంటే వాళ్ళకు తెలుసు. ఆ మెట్టు మీద కూర్చుని తినడం ఎందుకో, పిల్లలకంటే ముందు ఎందుకో, ఊరందరికీ మొదటి నుంచీ తెలుసు. అదే మెట్టు, అదే పళ్ళెం, అవే నాలుగు ముద్దలు. ఆమె కూర్చుంటే రుచి చూడటం, నేను కూర్చుంటే తినడం. ఆయమ్మకు నా ముఖం ఎందుకు అలా అయిందో అర్థం కాలేదు.

డబ్బా ఆగిపోయింది కాబట్టి మూల ఇంటి పిల్ల రావడం మొదలుపెట్టింది. వచ్చి గోడ వారగా కూర్చునేది. అత్త వెంట వచ్చి ఆ మెట్టు మీదే, నా మెట్టు మీదే, లోపలికి చూస్తూ కూర్చునేది. పిల్ల రెండు ముద్దలు తిని చాలనేది. గుడ్డు కొంగున కట్టుకునేది. నేను చూసేదాన్ని. తిను బిడ్డా అనడానికి నోరు తెరిచి మూసుకునేదాన్ని. తిను అని నేనంటే, ఆ మాటకు నా ఒళ్ళే అడ్డం వచ్చేది. నాలా అవుతుందనే కదా వాళ్ళు మాన్పించేది! ఆ నెల కాంటా ఎక్కిస్తే ముల్లు ఎక్కడిదక్కడే. ఈ ఉద్యోగానికి సన్నటి మనిషిని పెట్టి ఉంటే ఈ పిల్ల తినేదేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్న రాత్రి రొట్టె కూడా తినలేదు. అది చూసి మా ఆయన, "మంచిది, అట్లన్న జర తగ్గుతవ్," అన్నాడు.

శ్రావణ సోమవారం వచ్చింది. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, పళ్ళాలు వేసి, చేతులు కడిగించాం. ఆయమ్మ గరిటె తీసింది. అలవాటుగా అడిగాను.

"ఉప్పు సరిపోయిందా?"

"నాకేం తెల్సు అక్కా? ఇయ్యాల ఒక్కపొద్దు గదా. నువ్వు సామాన్ల రూంల తిని చూస్తివనుకుంటి."

ఎవరూ చూడలేదు. నేను ఆమె చూసిందనుకున్నాను, ఆమె నేను చూశాననుకుంది. గరిటె లాక్కుని గిన్నె మీద మూత పెట్టాను. పిల్లలు పళ్ళాలు వాయించారు, ఆ తర్వాత ఒక్కొక్కరే ఏడుపు అందుకున్నారు. ఆకలితో ఉన్న పసివాళ్ళకు నియమం ఏమని చెప్పాలి?

పళ్ళెంలో అన్నం, సాంబారు వేసుకున్నాను. కాళ్ళు వాటంతట అవే సామాన్ల గది వైపు తిరిగాయి. తలుపు దగ్గర నిలబడి లోపల మూటలను చూశాను. ఈ ఊరి పిల్లల కోసం విషమైనా ముందు నేను తినాలి. అదీ దాక్కుని తినాలి!

వెనక్కి తిరిగి మెట్టు దగ్గరికి వచ్చాను. పెద్దమ్మ అక్కడే ఉంది.

"జర జరుగు పెద్దమ్మా," అన్నాను.

మేమిద్దరం ఆ మెట్టు మీద పట్టాలంటే ఆమె జరగక తప్పదు. జరిగింది. కూర్చుని కలుపుకున్నాను. వీధిలో అందరూ చూస్తున్నారు. లోపల పిల్లల ఏడుపు.

"పోరగాండ్లు ఏడుస్తుంటె నీకెట్ల ముద్ద దిగుతది?" అంది పెద్దమ్మ.

"దిగుతలేదు పెద్దమ్మా. అయినా తినాల. ఆయమ్మ తింటె రుచి చూసుడు, నేను తింటె మెక్కుడు, గంతేనా? మీ అందరికి తెల్సు, నేనెందుకు తింటున్ననో. ఇందుల ఏమన్న పడి ఉంటె ముందుగాల్ల సచ్చేది నేను. నా ఒళ్ళు లావుంటె విషం ఎక్కదా?"

అరిచానని తర్వాత ఆయమ్మ చెప్పింది. నాకు తెలియలేదు. కుళాయి దగ్గర బిందె నిండి నీళ్ళు కారిపోతున్నా ఎవరూ కట్టలేదు. పళ్ళెం ఖాళీ చేసి అక్కడే కూర్చున్నాను. తిన్నాక అరగంట ఆగాలి కదా. ఆ అరగంట ఎంత పొడుగో చెప్పలేను. నేను గెలిచానని కూడా అనిపించలేదు. ఆకలితో ఉన్న పిల్లలను ఏడిపిస్తున్న లావాటి మనిషిగానే కనపడుతున్నానని తెలుసు.

సాంబారులో ఏమీ లేదు. ఉప్పు కాస్త తక్కువ, అంతే. నాకేమీ కాలేదని తేలాక లేవబోతుంటే వెనక గాజుల చప్పుడైంది. మూల ఇంటి పిల్ల. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో అన్నం, గుడ్డు.

"నేను గూడ రుచి చూస్త టీచరమ్మా," అంది. అత్త వైపు చూడలేదు.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఏ నియమంలోనూ లేని మాట ఒకటి చాలా గట్టిగా చెప్పాను. "చూడు బిడ్డా. కానీ రెండు ముద్దలు తింటె తెల్వదు. పళ్ళెం ఖాళీ చేస్తెనే రుచి తెలుస్తది. గుడ్డు గూడ."

పిల్ల నా పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఎంత ఆకలితో ఉందో ఆ చెయ్యి చూస్తే తెలిసింది. పెద్దమ్మ నోరు తెరిచింది, వీధి వైపు చూసింది, మూసుకుంది. కోడలు తింటోందంటే వద్దనవచ్చు. అందరి పిల్లల కోసం రుచి చూస్తోందంటే ఏమని వద్దంటుంది? ఆ రోజు నుంచి రోజూ అంతే. ముందు నేను తినేదాన్ని, నాకేమీ కాలేదని తేలాక ఆ పిల్ల వచ్చి పళ్ళెం నిండా "రుచి" చూసేది. మరుసటి నెల ముల్లు కదిలింది.

రాయచూరు పెద్దాసుపత్రిలో కాన్పు అయింది. మామూలు కాన్పే. ఆడపిల్ల. బరువు చూసే రోజు పెద్దమ్మే ఎత్తుకుని వచ్చింది. బుగ్గన, నుదుట, అరికాలిలో మూడు చుక్కలు. ఉయ్యాల గుడ్డలో వేస్తే ముల్లు హాయిగా కిందికి దిగింది. వంగి పెద్దమ్మ చెవిలో చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. మనవరాలి తొడల మడతలు ముద్దు పెట్టుకుని, "పైకి చెప్పకు టీచరమ్మా, అందరి కండ్లు ఒక్క తీరుగ ఉండవు," అంది.

నేను అంతటితో సంతోషించి ఊరుకునేదాన్నే. కోడలు కూడా పక్కన నిలబడి ఉంది. బాలింత కదా, గాజులు ఇప్పుడు మణికట్టు దగ్గరే నిలిచాయి, ముఖం నిండింది. పెద్దమ్మ ఆమెను చూపించి, నవ్వుతూ, అక్కడున్న ఆడవాళ్ళందరూ వినేటట్టు అంది.

"దీన్ని గూడ కాంటా ఎక్కించు టీచరమ్మా. ఎంత బలిసిందో అందరికి తెల్వాల. నీ తీరుగనే అయితున్నది."

అందరూ నవ్వారు. పెద్దమ్మ మనసులో చెడు లేదు, నాకు తెలుసు. అదే నా బాధ. ఆ ఒక్క నోటితోనే మనవరాలి తొడలకు ముద్దు, కోడలి తొడలకు ఎగతాళి. ఏ వయసు నుంచి ఆ కండ ముద్దు కాకుండా పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్ల తల దించుకుని కాంటా ఎక్కింది. మూడు చుక్కల బిడ్డ నాయనమ్మ చంకలో ఉండి తల్లినే చూస్తోంది. ముల్లు ఆగింది. అందరూ మెడలు చాచారు.

"ఎంతుందో చెప్పు!" అంది పెద్దమ్మ.

"చెప్పను," అన్నాను. "దిష్టి తగులుతది."

నేను వంగి, పసిబిడ్డల తల్లులకు చెప్పినట్టే, ఆ పిల్ల చెవిలో మాత్రం చెప్పాను. ఆమె తల ఎత్తింది. వంట దిగిందని లోపలి నుంచి ఆయమ్మ కేక వేసింది. పళ్ళెం తీసుకుని మెట్టు మీదికి వచ్చి కూర్చున్నాను. కుళాయి దగ్గర ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో నవ్వారు. ముద్ద కొంచెం పెద్దదే కలిపాను.